బియ్యపుగింజ - ఇరుగుపొరుగు దేశముల యారోగ్యము



పొరుగు దేశమునకు పోయివచ్చినవానిని మనము మొట్టమొదట అడుగు ప్రశ్న “అచ్చటివారేమి తిందురు?” అనునది. ఇది ఉత్త కుతూహలముచేత పుట్టిన ప్రశ్న కాదు. తిండి మారిన ఒడలు మారును. చరిత్రమనగా రాజుల యుద్ధములును పట్టాభిషేకములును అని చిరకాలము బడిలో పాఠము చెప్పినవాడను. ఉద్యోగము విరమించిన పిదప తీరికగా చదువగా, వంటయింటికిని ఒక చరిత్రము కలదనియు, అది ప్రజల ప్రాణములతో ముడివడియున్నదనియు తెలిసికొంటిని. వరియన్నమే ఆధారముగా బ్రతుకు ఇరుగుపొరుగు జనులలో ఒకరు రోగపీడితులై, వేరొకరు ఆరోగ్యవంతులై యుండుటకు కారణమేమో నేడు విన్నవించెదను.

బెరిబెరి యను వ్యాధి కలదు. మొదట కాళ్లు తిమ్మిరెక్కును, పిక్కలు నొచ్చును, నడక తడబడును. పిమ్మట కొందరికి కండలు కృశించును. మరికొందరికి ఒడలు ఉబ్బి, గుండె బలము తగ్గి, ఊపిరాడక ప్రాణము పోవును. 19వ శతాబ్ది కడపట జపాను మొదలు జావా, మలయా వరకు వరియన్నము తిను దేశములలో ఈ వ్యాధి అనేకులను బలిగొనెను. కొందరు వైద్యులు నేలదోషమనిరి. కొందరు కంటికి కనబడని క్రిములు కారణమనిరి.

మలయా దేశమున నొక వింత కనబడెను. ఒకే ఎండకు ఎండి, ఒకే వానకు తడియు ముగ్గురు జనులలో వ్యాధి ఒకరినే పట్టి పీడించుచుండెను. గనులలో పనిచేయు చీనా కూలీలు సయాము నుండి వచ్చిన తెల్లని పచ్చి బియ్యము తినువారు. తోటలలో పనిచేయు తమిళులు స్వదేశపు అలవాటు చొప్పున ఉప్పుడు బియ్యము తినువారు. పల్లెలలోని మలయులు ఇంట దంచుకొనిన బియ్యము తినువారు. చీనావారు బెరిబెరిచే మిక్కిలి బాధపడిరి. తక్కిన ఇరుదెగలవారికి అది అరుదుగా సోకెను. బ్రాడన్ అను వైద్యుడు ఈ భేదమును చిరకాలము పరిశీలించి, దోషము నేలయందు గాక బియ్యమునందే కలదని 1907లో గ్రంథము ప్రకటించెను.

ఆ సంవత్సరముననే ఫ్లెచర్ అను మరియొక వైద్యుడు కౌలాలంపూరు పిచ్చివారి ఆసుపత్రిలో తాను చేసిన పరీక్షను వెల్లడించెను. అచ్చటి రోగులను రెండు పంక్తులుగా విభజించి, ఒక పంక్తికి పచ్చి బియ్యమును, రెండవదానికి ఉప్పుడు బియ్యమును వండి పెట్టించెను. నడుమ వారి వసతులను తారుమారు చేసినను ఫలము మారలేదు. పచ్చి బియ్యము తినినవారిలో 18 మంది బెరిబెరిచే మరణించిరి. ఉప్పుడు బియ్యము తినినవారిలో ఒక్కరును దానిచే మరణింపలేదు. తమకేమి జరుగుచున్నదో ఎరుగని అభాగ్యుల ప్రాణములతో సంపాదించిన జ్ఞానమిది. దీనిని చెప్పునపుడెల్ల నా మనస్సు కలుక్కుమనును. అంత వెల పెట్టి కొనిన జ్ఞానమును మనము మరచితిమేని ఆ పాపమున మనకును పాలు కలుగును.

ఇంతకు పూర్వమే జావాలో ఐక్‌మాన్ అను డచ్చి వైద్యుడు కోళ్లయందు ఈ రహస్యపు కొస పట్టుకొనెను. సైనికుల వంటశాలలోని తెల్లని అన్నము మేసినంతకాలము కోళ్లు కాళ్లు పడిపోయి కూలబడెను. క్రొత్త వంటవాడు సైనికుల అన్నము కోళ్లకు పెట్టనని నిరాకరింపగా, ముతక బియ్యము మేసి అవి కోలుకొనెను. వోర్డర్‌మాన్ అను నతడు జావా చెరసాలల లెక్కలు తీసి 1897లో ప్రకటించెను. తెల్లబియ్యము పెట్టు చెరసాలలలో 39 మందిలో ఒకనికి బెరిబెరి వచ్చియుండగా, తవుడు పోని బియ్యము పెట్టు చోట్ల సుమారు 10,000 మందిలో ఒకనికి వచ్చెను. ఐక్‌మాన్ పండితునకు 1929లో నోబెల్ బహుమానము లభించెను.

గింజపై నుండు సన్నని పొరయందును మొలకయందును ప్రాణాధారమగు పదార్థమొకటి కలదు. దానినే నేడు బి-1 విటమిను అందురు. మర మిక్కిలి తెల్లగా పట్టినపుడు ఇది తవుడుతో పోవును. మిగిలినది పలుమారులు కడిగిన నీటితోడను, వార్చిన గంజితోడను పోవును. ధాన్యమును నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టినచో ఆ సారము కొంత గింజ లోపలికి ఇంకును. అటుపిమ్మట మర పట్టినను తుదముట్ట పోదు. తమిళుల తాతముత్తాతలు ఈ శాస్త్రమెరిగి ధాన్యమును ఉడికించిరని చెప్పజాలము. అయినను ఆ యాచారము వారిని కాపాడినది.

ఇక మన యింటికి వత్తము. ఒకే చెన్నపట్టణపు రాజధానిలో తమిళ దేశము, తెలుగు దేశము ప్రక్కప్రక్కనే యుండెను. ఉప్పుడు బియ్యము తిను తమిళ మండలములలో బెరిబెరి అరుదు. పచ్చి బియ్యము తిను తెలుగు తీరమున, విశాఖపట్టణము మొదలు నెల్లూరు వరకు, అది పాతుకొనిపోయినది. గోదావరి, కృష్ణా డెల్టాలు అన్నపూర్ణకు నెలవులు. కొరత ధాన్యమునకు కాదు, ధాన్యపు సారమునకు. 1918లో కూనూరులో బెరిబెరిని పరిశోధించుటకై యొక చిన్న శాఖ ఏర్పడెను. మెకారిసన్ దొర ఆధ్వర్యమున పెరిగిన ఆ పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదియే.

మన నేలకు ఈ కథతో మరియొక బాంధవ్యము కలదు. 1886లో నెల్లూరులో అమెరికా మిషనరీ దంపతులకు పుట్టిన రాబర్టు విలియమ్సు, మనీలాలో తవుడు కషాయముతో పరిశోధనము ఆరంభించి, సుమారు 26 ఏండ్లు దానినే పట్టుకొని, 1936లో బి-1 విటమినును కృత్రిమముగా నిర్మించెను.

ఒక స్వవిషయము మనవి చేసెదను. మా మాతామహికి ఇరువురు శిశువులు మూడవ నెలలో పోయిరి. పాలు త్రాగుచున్న బిడ్డ గొంతు పోయి, ఏడ్చినను ధ్వని వెడలక, ఒక్క రాత్రిలో ఊపిరాడక కన్నుమూసెనని ఆమె చెప్పెడిది. బాలింతపథ్యమని ఆమెకు నెలల తరబడి తెల్లని అన్నము, కారప్పొడి తప్ప పప్పుగాని ఆకుకూరగాని పెట్టలేదు. తల్లికి బి-1 లోపించిన, చంటిబిడ్డకు ఇట్టి మరణమే సంభవించునని వైద్యగ్రంథములలో చదివిననాడు నేను పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. ఆమె యావజ్జీవము తన పూర్వజన్మకర్మమని ఏడ్చినది. ఆ లక్షణములను గుర్తెరిగి “అమ్మా, ఇది నీ పాపము కాదు” అని చెప్పువారు ఆనాడు లేకపోయిరి.

మరలను నిందించుట నా యుద్దేశము కాదు. మర వచ్చినందున ఆడువారి అరచేతుల బొబ్బలు మానినవి. నేడు తిండిలో వైవిధ్యము పెరుగుటచే బెరిబెరి చాలవరకు వెనుకబట్టినది. అయినను వింత చూడుడు! మన తెలుగు రాష్ట్రముల మిల్లులు ఉప్పుడు బియ్యమును సిద్ధపరచి కేరళము వంటి చోట్లకు పంపుచున్నవి. మన విస్తళ్లలో మాత్రము మల్లెపూవు వంటి తెల్లన్నమే గౌరవము. అన్నపు తెలుపు సంపదకు గురుతు కావచ్చును గాని ఆరోగ్యమునకు గురుతు కాదు.

ఊరిలో మీ మాటకు విలువ కలదు. కనుక మూడు విన్నపములు. బియ్యమును మరీ తెల్లగా పట్టింపకుడు. వీలైనచో దంపుడు బియ్యమో ఉప్పుడు బియ్యమో వాడుడు. పలుమారులు కడుగవలదు, గంజి పారబోయవలదు. పథ్యము పేర బాలింత కంచములో పప్పును, ఆకుకూరను మాన్పింపకుడు. మొదటి రెండును మీ కొరకు. మూడవది మాట రాని పసిబిడ్డల కొరకు.

సెలవు.