నడిగడ్డ పెరళ్లలో కలబంద

కృష్ణా తుంగభద్రల నడుమ నుండుటచే నడిగడ్డ యని పేరుగన్న గద్వాల సీమకు ఇరువైపుల మహానదులు ప్రవహించుచున్నను, నీరు పల్లమునను పొలము మెరకనుండుటచే, అచ్చటి మెట్టరైతు తరతరములుగా నదిని కన్నులార చూచుచునే వానకై ఎదురుచూచెను. 17వ శతాబ్దిలో పెద సోమభూపాలుడు కోట కట్టగా, ఆ వంశపు ప్రభువులు కవిపండితుల నాదరించి తమ ఊరికి విద్వద్గద్వాల యను ఖ్యాతి నార్జించిరి. పొరుగుననున్న వనపర్తి ప్రభువుల సీమలో చెరువులకు సముద్రములని పేరు. శ్రీరంగాపురమున రంగనాయకస్వామి కోవెలను ఆనుకొని రంగసముద్రము నేటికిని కలదు. ఆ సంప్రదాయమునకు కడపటి ఫలమనదగిన సరళాసాగరము, 1949లో శంకుస్థాపన జరిగి 1959లో పూర్తియై, వనపర్తి రాణి సరళాదేవి పేర వెలసి, తలుపు లెత్తు మనిషి లేకయే మిగులునీటిని తనంత తానుగా వెడలించు సైఫన్లచే ప్రసిద్ధి కెక్కినది. ఇవన్నియు చరిత్రలో చేరినవి. చెరువు క్రింద మడిచెక్క లేనివాని పెరటి చరిత్ర మాత్ర మెవ్వరును వ్రాయలేదు. ఆ పెరటిలో నీరడుగక బ్రతికిన కలబందను గూర్చి వ్రాయుట నాకు ఇష్టమైన పని.

ఈ మొక్క పుట్టినది మన దేశమున కాదు; అరేబియా ద్వీపకల్పము దాని జన్మభూమి యని నేటి వృక్షశాస్త్రజ్ఞు లనుచున్నారు. క్రీ.శ. ఒకటవ శతాబ్దిలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ఎర్రసముద్ర యాత్రాగ్రంథమున అరేబియా రేవునుండి ఎగుమతియగు సరకులలో దీని పసరు కూడ పేర్కొనబడినది. ఆ శతాబ్దివాడే యైన గ్రీకు వైద్యుడు డయోస్కోరైడీసు, ఈ పసరు భారతదేశమునుండి వచ్చుచున్నదని వ్రాసెను. కావున పరదేశపు మొక్కయయ్యును మనకిది ప్రాచీనమైన చుట్టమే. 16వ శతాబ్దినాటి వైద్యగ్రంథమగు భావప్రకాశమున ఇది కుమారి యను పేర ఓషధులలో చేరినది. మెక్సికోనుండి చాల ఆలస్యముగా వచ్చి చేలగట్లపై కంచెగా నిలిచిన కిత్తనారతో దీనిని కలిపి చెప్పుట పొరబాటు: కిత్తనార యొక్కమారు పూచి చచ్చును, కలబంద ఏటేట పూయును.

మట్టకోసినప్పుడు తొక్కక్రిందనుండి కారు పచ్చని చేదుపసరు వేరు, లోపలి తెల్లని గుజ్జు వేరు. ఆ పసరును ఎండబెట్టగా నల్లబడి గడ్డకట్టినదే ముసాంబరము. విరేచనకారిగా వైద్యుల పెట్టెలలోను, పాలు మాన్పింపదలచిన తల్లుల చేతులలోను దానికి చిరకాలపు వాడుక కలదు.

మన పల్లెలలో దీనికి వైద్యమును మించిన గౌరవము గుమ్మమువద్ద దక్కినది. దిష్టి తగులకుండునట్లు వేరుతో సహా పెకలించి, తలక్రిందుగా ద్వారబంధమునకు వ్రేలాడగట్టుదురు. మన్ను లేదు, నీరు లేదు. ఐనను నెలల తరబడి అది వాడదు, ఒక్కొక్కప్పుడు క్రొత్త ఆకు వేయును. ఈ ఆచారమును మూఢవిశ్వాసమని త్రోసివేయువారు, ఇంటికి కావలిగా మన పూర్వు లెన్నుకొన్నది చావునకు లొంగని మొక్కయే యన్న సంగతి గమనింపవలెను. ఎంతో చూచినగాని అట్టి ఎన్నిక జరుగదు.

ఇట్టి మొక్కల ప్రాణరహస్యమునకు తొలి యానవాళ్లలో నొకటి దొరకినది మన తెలుగుదేశముతో సంబంధమున్నవానికే. వృక్షశాస్త్రజ్ఞుడగు రాక్స్‌బరో కలకత్తాకు వెడలిన పిమ్మట సామర్లకోటలోని ఈస్టిండియా కుంఫిణీవారి తోటను చూచుకొన్న బెంజమిన్ హైన్, రణపాల ఆకు వేకువను పుల్లగాను, మధ్యాహ్నమున రుచిలేకయు, సాయంకాలమున కొంచెము చేదుగాను ఉండుటను నాలుకతో కనిపెట్టి, లండనుకు లేఖ వ్రాయగా, లిన్నేయను సమాజమువారు 1815లో దానిని ప్రకటించిరి. రణపాలవలెనే కలబందయు పగలు తన రంధ్రములను మూసికొని, రాత్రి చల్లదనమున తెరచి, పీల్చిన బొగ్గుపులుసు గాలిని ఆమ్లముగా దాచి, మరునాటి వెలుగులో దానిని ఆహారముగా మార్చుకొనును. ఎండలో నోరు తెరవదు గనుక నీరు పోగొట్టుకొనదు.

కరవు కాలమున ఈ సీమలు చేరిన పాలమూరు కూలీలు ఆనకట్టల పనులకు దేశదేశములు పోయి, తమ యిండ్లకు తాళములు వేసిన నెలలలో, పెరటి మల్లె ఎండినను కలబంద ఆకులు పలుచనై, ఎర్రబారి, తొలివానకు మరల ఉబ్బుట అందుకే.

దీనిని పెంచుట కష్టము కాదు. నాగర్‌కర్నూలు, వనపర్తి ప్రాంతముల ఎర్రచెల్క, రెండెండలకు ఆరిపోవునని వరిరైతు నిందించు ఆ నేలయే, దీనికి చాలును. తల్లిమొక్క ప్రక్కనుండి పిలకను వేరుతో విడదీసి, తెగినచోటు ఆరువరకు రెండుమూడు దినములు నీడనుంచి, మొరము కలిసిన కట్టపై నాటవలెను. నల్లరేగడిలో, నీరు నిలుచు పల్లమున నాటరాదు. నాటినవెంటనే నీరు పోయువారు మొక్కను కుళ్లబెట్టుకొందురు. వేరు నాటుకొనువరకు దానిని ముట్టక విడిచిపెట్టవలెను.