జానెడు దూరంలో గొంతు

కామారెడ్డి స్టేషన్ బయటికి వచ్చేసరికి పొద్దు గూకింది. భుజాన బ్యాగు, చేతిలో ఫోను, ఫోనులో స్క్రిప్టు. నిజాంసాగర్ మీద తీసిన ఒక చిన్న డాక్యుమెంటరీకి మీ వాయిస్ ఓవర్ రాత్రికి రాత్రే హైదరాబాద్ చేరాలి. రేపు మీరు ఎల్లారెడ్డిలో ఉంటారు. ఎడిటర్ రెండు మూడు వాక్యాలు మళ్లీ చెప్పమంటే అక్కడి నుంచే చెప్పాలి. రెండు ఊళ్లలో చెప్పిన మాటలు ఒక్క గదిలో, ఒక్క ఊపులో చెప్పినట్టు వినబడాలి. బ్యాగులో ఏం ఉండాలన్నది ఈ ఒక్క అవసరమే తేలుస్తుంది.

వెంటనే లాడ్జి వెతకొద్దు. కాసేపు నిలబడి వినండి. ఇది సికింద్రాబాద్–మన్మాడ్ లైను. అజంతా, దేవగిరి, రాయలసీమ ఎక్స్‌ప్రెస్‌లు ఈ పట్టాల మీదే పోతాయి, హారన్ వినిపించకుండా ఏదీ పోదు. అవతల 44వ నంబరు జాతీయ రహదారి, రాత్రంతా లారీలు. బస్టాండు వైపు నుంచి మైకులో ప్లాట్‌ఫారం నంబర్లు. ఎక్కడో ఒక ఫంక్షన్ హాల్లో బ్యాండు మొదలైంది. ఈ సప్పుళ్లన్నీ ఏ దిక్కున ఉన్నాయో చెవికి తెలిశాకే నడక మొదలుపెట్టండి. వీటన్నిటికీ దూరంగా, లోపలి గల్లీలో ఉన్న లాడ్జి మనది.

"ముందటి రూమ్ తీసుకోండ్రి సార్, మంచిగ గాలొస్తది. ఎనక రూముల కిటికీ గూడ లేదు," అంటాడు కౌంటర్ దగ్గరి పిల్లవాడు.

"కిటికీ లేనిదే కావాలి తమ్ముడూ."

తాళంచెవి ఇస్తూ అతను మిమ్మల్ని ఒకసారి పైకీ కిందికీ చూస్తాడు. చూడనివ్వండి.

గదిలోకి వెళ్లి తలుపు వేసి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. నున్నటి టైల్స్, సున్నం గోడలు, రేకు బీరువా. చప్పుడు గోడకు తగిలి టంగుమని తిరిగొస్తుంది. ఏసీ ఆపండి. ఫ్యాను ఆపండి. ట్యూబ్‌లైటు చోక్ సన్నగా గుయ్యిమంటుంది, అదీ ఆపండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. దాని రొద 50 దగ్గరా, 100 దగ్గరా కూర్చుని మగగొంతు అడుగు స్వరంలో కలిసిపోతుంది. తర్వాత తీసేద్దామంటే దానితోపాటు గొంతు కూడా కొంత పోతుంది. వెలుతురుకు ఫోను చాలు, అదీ ఫ్లైట్ మోడ్‌లో. నెట్‌వర్క్ కోసం వెతుక్కునే ఫోను మైకు తీగ పక్కన ఉంటే రికార్డింగులో టిక్‌టిక్‌మని పడుతుంది.

ఇప్పుడు పరుపు ఎత్తి గోడకు ఆనించండి. బ్యాగు అడుగు నుంచి గొంగడి తీయండి. కురుమలు గొర్రె ఉన్నితో నేసే నల్ల గొంగడి బరువే, మోయడానికి భుజం నొప్పే. అయినా వాయిస్ బూత్ పేరుతో అమ్మే మడత పెట్టెల కంటే నేను దీన్నే నమ్ముతాను. బీరువా తలుపు తెరిచి దాని మీద వేలాడదీయండి. పరుపుకూ గొంగడికీ మధ్య కూర్చుని మళ్లీ చప్పట్లు కొట్టండి. టంగుమనడం పోయింది.

పోయింది పైస్థాయి ధ్వని మాత్రమే, అది మరవొద్దు. 3000 హెర్ట్జ్ ధ్వని అల పొడవు 11 సెంటీమీటర్ల చిల్లర, దాన్ని ఉన్ని మింగేస్తుంది. 100 హెర్ట్జ్ అల మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది. దానికి గొంగడి ఉన్నా లేనట్టే. లారీ రొదకు అడ్డం గోడలే, మిగిలింది మైకుకో రికార్డర్‌కో ఉన్న, అడుగు ధ్వనుల్ని కోసేసే లోకట్ స్విచ్చి. అందుకే కిటికీ లేని గది అడిగింది.

ఇక మైకు.

స్టూడియోలో మీకు అలవాటైన పెద్ద డయాఫ్రం కండెన్సర్ ఇంటి దగ్గరే ఉండిపోయింది, మంచిదే. రోడ్ ఎన్‌టీ1 లాంటి మైకు సొంత రొద 4 డెసిబెల్స్. అంత నిశ్శబ్దమైన మైకు మీ ఊపిరితోపాటు పై అంతస్తులో కుర్చీ జరిపిన చప్పుడునూ, గల్లీలో కుక్కనూ అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది. దాని తప్పేం లేదు, దానికి తగ్గ గది ఇక్కడ లేదు.

బ్యాగులో రెండున్నాయి. ఒకటి షాట్‌గన్ మైకు. ఈ రకంలో పేరున్నది సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416. పొడవు 25 సెంటీమీటర్లు, బరువు 165 గ్రాములు. సినిమా షూటింగుల కోసం చేసిన మైకే అయినా అమెరికాలో ట్రైలర్లకూ ప్రకటనలకూ గొంతు ఇచ్చేవాళ్లు దాన్ని స్టూడియోలోకి తెచ్చుకున్నారు. లోపలి సర్క్యూటు రేడియో ఫ్రీక్వెన్సీ పద్ధతిలో పనిచేస్తుంది కాబట్టి చెమ్మను తట్టుకుంటుంది. వానాకాలంలో చెరువు గట్ల వెంట తిరిగేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. అంత పెట్టలేనివాళ్లకు పెన్సిల్ బ్యాటరీ మీద కూడా నడిచే సెన్‌హైజర్ ఎంకేఈ 600 ఉంది.

కానీ షాట్‌గన్ అనగానే ఎదురుగా ఉన్నదే వింటుందనుకోవద్దు. పక్క శబ్దాలను తగ్గించే ఆ గొట్టం ఆరుబయట బాగా పనిచేస్తుంది. టైల్స్ గదిలో గోడలకు తగిలి వచ్చే ప్రతిధ్వనిని అది వంకరగా పట్టుకుంటుంది, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. గొంగడి తర్వాతే దాని ప్రతాపం. గొంగడి లేని రోజు కోసం రెండో మైకు, ష్యూర్ ఎస్ఎం58. 1966 నుంచి అన్ని దేశాల స్టేజీల మీదా ఉన్న మైకు ఇది. డైనమిక్ మైకు కాబట్టి ఫాంటమ్ అక్కర్లేదు, కింద పడితే లేచి పనిచేస్తుంది, దూరపు శబ్దాలను పెద్దగా పట్టించుకోదు. బదులుగా గెయిన్ ఎక్కువ అడుగుతుంది, గొంతులోని మెరుపు కొంత మింగుతుంది. పెళ్లి బ్యాండు ఆగని రాత్రి ఆ మెరుపు పోతే పోనివ్వండి.

ఏ మైకైనా నోటికి జానెడు దూరం. టేపుతో కాదు, చేత్తో కొలవండి. బొటనవేలు పెదవి దగ్గర, చిటికెన వేలు మైకు మూతి దగ్గర. ఆ దూరం సగానికి తగ్గితే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది రొద ఉన్నచోటే ఉంటుంది. పెరిగితే గది ముందుకొస్తుంది. చెయ్యి మీతోనే ఉంటుంది కాబట్టి రేపు ఎల్లారెడ్డిలోనూ ఇదే కొలత దొరుకుతుంది. మైకును నోటికి సూటిగా పెట్టకండి, పెదవి పక్కకు కొంచెం ఏటవాలుగా తిప్పండి. తెలుగులో ఒత్తి పలికే అక్షరాలు చాలానే ఉన్నాయి. "భారీ", "ఫలితం", "ధాన్యం" అన్నప్పుడల్లా నోట్లోంచి గాలి దూకుతుంది. సూటిగా ఉన్న మైకు మీద అది దబ్బున పడుతుంది.

రికార్డు చేసేది దేంట్లో? ల్యాప్‌టాప్, యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ ఇంట్లో బాగుంటాయి. ప్రయాణంలో ల్యాప్‌టాప్ ఫ్యాను ఒకటి, అప్‌డేట్ ఒకటి, చార్జర్ ఎర్తింగ్ సరిగా లేక వచ్చే హమ్ ఒకటి, పాడవడానికి దార్లు ఎక్కువ. నా ఓటు బ్యాటరీతో నడిచే చిన్న రికార్డర్‌కే. జూమ్ ఎఫ్3 అరచేతిలో ఇముడుతుంది, రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ మైకులు తీసుకుంటుంది, 48 వోల్టులు తానే ఇస్తుంది, 32 బిట్ ఫ్లోట్‌లో రాస్తుంది. అంటే లెవెల్ పెట్టే పని లేదు. గుసగుస నుంచి ఒక్కసారిగా గొంతు పెంచినా ఫైలు పగలదు, తర్వాత తగ్గించుకోవచ్చు. పక్కన ఇంజనీరు లేకుండా ఒక్కరే చదువుతూ రికార్డు చేసుకునేవాళ్లకు ఇది నిజంగా పెద్ద మేలు. అయితే గదిలో ఉన్న రొదను 32 బిట్లూ తుడవలేవు. ఆ పని గొంగడిది.

యూఎస్‌బీ మైకు ఫోనుకు తగిలించి పని కానిచ్చే దారీ ఉంది. కొత్తవాళ్లకు చాలు. కొన్ని పనులకైతే అందరికీ చాలు. 2023 నవంబర్ అసెంబ్లీ ఎన్నికల్లో ఈ ఊరు విన్న ప్రచార గొంతులు గుర్తుచేసుకోండి. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు, కాంగ్రెస్ నుంచి రేవంత్‌రెడ్డి ఇద్దరూ నిలబడ్డ సీటు, చివరికి బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి గెలిచిన సీటు. ఆటోలకు కట్టిన హారన్ స్పీకర్లు మధ్యస్థాయి ధ్వనులనే గట్టిగా పలుకుతాయి, గొంతులోని అడుగూ పైమెరుపూ వాటికి అందవు. ఆ ప్రచారం రికార్డింగుకు 416 తెచ్చినా ఫోను తెచ్చినా వీధిలో వినిపించేది ఒకటే. గొంతు చివరికి ఏ స్పీకర్లో మోగుతుందో అడక్కుండా మైకు కొనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అప్పు చేసి కొంటారు పాపం.

హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, చెవులు పూర్తిగా మూసేవి. ముప్పై సెకన్లు మాట్లాడకుండా గదిని రికార్డు చేసి విని చూడండి. ఆడియో పుస్తకాలకు ఏసీఎక్స్ అనే వేదిక పెట్టిన హద్దు తెలుసు కదా, నేపథ్య రొద మైనస్ 60 డెసిబెల్స్ లోపు ఉండాలి, శిఖరం మైనస్ 3 దాటకూడదు. డాక్యుమెంటరీకి వెనక సంగీతం ఉంటుంది కాబట్టి కొంత చెల్లుతుంది. అయినా ఆ గీత మనసులో పెట్టుకోండి.

చదవండి. 1923లో మొదలై 1931కి పూర్తయిన ఆనకట్ట, చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్, మంజీర నీళ్లు. మూడో పేరా మధ్యలో రైలు హారన్. ఆగండి. రైలు పూర్తిగా పోయాక ఆ వాక్యం మొదటి నుంచి అందుకోండి, మధ్య నుంచి కాదు. సగం వాక్యం అతికితే ఊపిరి అతకదు.

ఈ పని మనకంటే ముందు చాలామంది చేశారు. స్టీఫెన్ కుదెల్‌స్కీ 1951లో నాగ్రా రికార్డర్ తెచ్చాక రేడియో వాళ్లు స్టూడియో వదిలి బయటికి నడిచారు. జర్మనీ వాళ్ల ఊహర్ పోర్టబుల్ రికార్డర్ 1960లలో వచ్చింది. మన పక్కనే జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలుపెట్టారు. దాన్ని నడిపింది ఆల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ. రికార్డర్ పట్టుకుని ఊళ్లకు పోయి చేనుగట్ల మీద, అరుగుల మీద ఆడవాళ్ల మాటా పాటా పట్టుకొచ్చారు. పరికరం ఎంపిక గురించి ఎవరైనా నన్నడిగితే ముందు ఆ ఇద్దరి పేర్లే చెప్తాను. వాళ్లు యంత్రం కంటే ముందు మనిషి దగ్గరికి ఎంత దూరంలో కూర్చోవాలో నేర్చుకున్నారు.

తెల్లారి తాడ్వాయి మీదుగా ఎల్లారెడ్డి బస్సు. లింగంపేటలో దిగి నాగన్న బావి చూడాలనిపిస్తుంది. రాతిమెట్లు అడుగుదాకా దిగుతూ పోయే ఆ బావిలో మాట అంటే నాలుగు వైపుల నుంచీ తిరిగొస్తుంది. వాయిస్ ఓవర్‌కు అంతకంటే పనికిరాని చోటు లేదు, వినడానికి అంతకంటే మంచి చోటూ లేదు.

ఎల్లారెడ్డిలో దిగేసరికి ఎడిటర్ ఫోను. "అన్నా, టీఎంసీల లైన్ మళ్లా కావాలె. పూడిక మాట మీద కొంచెం ఆగి చెప్పు." మీరు దిగింది చుట్టాలింట్లో. పైన రేకులు, వంటింట్లో మిక్సీ, వాకిట్లో వడ్లు ఆరబోస్తూ అరుపులు. ఇక్కడ గొంగడి ఓడిపోతుంది. బావ కారు తాళాలు అడగండి.

మెదక్ రోడ్డు పట్టుకుని ఊరు దాటండి. పోచారం అడవి వైపు మోదుగు, టేకు చెట్లు మొదలయ్యే చోట రోడ్డు దిగి లోపలికి వెళ్లి నీడలో ఆపండి. ఇంజను ఆపినా వెంటనే మొదలుపెట్టకండి, చల్లబడే ఇనుము కాసేపు టక్‌టక్‌మంటుంది. వెనక సీట్లో కూర్చుని సీటు వీపు వైపు ముఖం పెట్టండి, అద్దాల వైపు కాదు. సీట్ల దూది, పై కప్పు బట్ట, పక్క అద్దం మీద గొంగడి. ఎండాకాలమైతే పది నిమిషాలకే ఉడుకెత్తుతుంది, ముందే వాక్యం నోటికి తెచ్చుకోండి.

అన్నింటికంటే ముందు హెడ్‌ఫోన్స్‌లో రాత్రి రికార్డింగు వినండి. పొద్దుటి గొంతు బరువుగా ఉంటుంది, రాత్రి గొంతు అలసిపోయి కొంచెం పైకెక్కి ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లు తాగి, నిన్నటి వాక్యంతో కలిసి పెదవులు కదుపుతూ ఆ వేగం పట్టుకోండి. అదే మైకు, అదే ఏటవాలు, అదే జానెడు. రికార్డ్ నొక్కండి.

"కట్టినప్పుడు 29.72 టీఎంసీలు పట్టిన నిజాంసాగర్‌లో, పూడిక పేరుకుని, ఇప్పుడు నిలిచేది 17.80 టీఎంసీలే."

ఇంకోసారి. పూడిక ముందు ఒక ఊపిరి ఎక్కువ. ఇంకోసారి. ఆ తర్వాత అరనిమిషం కారు నిశ్శబ్దం కూడా రికార్డు చేయండి, అతుకుల మధ్య పూయడానికి ఎడిటర్‌కు అది కావాలి.

32 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో ఫైలు నిమిషానికి దాదాపు 11.5 ఎంబీ. సిగ్నల్ రెండు గీతలున్నా పోతుంది. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగానే పంపండి, వాయిస్ మెసేజ్‌గా పంపితే అది నలిపి ఇస్తుంది. కార్డులో ఉన్నదాన్ని ఫోనులోకి ఒక కాపీ తీసుకున్నాకే రికార్డర్ ఆపండి.

ఎడిటర్ మళ్లీ ఫోను చేస్తాడు. లైను కూర్చుందట. అక్కడిదాకా పోయారు కదా, నిజాంసాగర్ నీళ్ల సప్పుడు ఒక రెండు నిమిషాలు దొరుకుతుందా అని అడుగుతాడు. ఎఫ్3కి సొంత మైకులు లేవు, షాట్‌గన్‌తో నీటి విస్తారం రాదు. దీనికోసమే బ్యాగు పక్క జేబులో చిన్న జూమ్ హెచ్1ఎన్, దాని మూతి మీద స్టీరియో మైకులు రెండు, గాలికి అడ్డంగా బొచ్చు టోపీ. గేట్లు ఎత్తారో లేదో ముందు కనుక్కోండి. ఎత్తకపోయినా కాలువ తూము దగ్గర నీళ్లు పలుకుతాయి. కారు ఆనకట్ట దగ్గరి అచ్చంపేట వైపు తిప్పమని బావకు చెప్పండి, బొచ్చు టోపీ మరవకండి.