ఆలిచిప్ప కండరము

ఆలిచిప్పను విప్పజూచినవారికి దాని పట్టెంత గట్టిదో తెలియును. చిప్పలను మూయు కండరమునకు కొన్ని జాతులలో రెండు భాగములు గలవు. చారలుగలది వేగముగ మూయును. చారలు లేనిది స్వల్పశక్తితోనే గంటలకొలది బిగించి యుంచును.

ఇట్టి బిగువుగల మరియొక ఆలిచిప్ప కండరమును సెరొటోనిను అను పదార్థము సడలించునని అమెరికాలో బెట్టీ ట్వారోగు అను విదుషి కనుగొనెను. ఆ పదార్థమే జంతువుల మెదడునందును గలదని 1953లో ఆమెయు ఇర్విను పేజియు ప్రకటించిరి.

పూర్వము కండరమును నూరి జన్యువులను పరీక్షించుటచే కణములన్నియు కలసిపోయెడివి; ఊరి ధాన్యమంతయు ఒక్కరాశి పోసి, ఎవరి పంట యెంతయని యడిగినట్లుండెడిది. 2009లో ఒక్క కణమందలి జన్యుసందేశములను వేరుగ చదువు విధానము వెలసెను. దానితో నేడు చిప్పజీవుల కండరమందును ఏ కణము ఏ పనికి గలదో పటము వేయుచున్నారు. మెదడు సంగతి తెలుపుటకు తోడ్పడిన జీవి అల్పమెట్లగును?