మూడు చుక్కల బంధం బలమెంత?

ఇంటర్లో మా కెమిస్ట్రీ లెక్చరర్ గారు బోర్డు మీద మూడు చుక్కలు పెట్టి "ఇది హైడ్రోజన్ బాండ్, వీక్ బాండ్, రాసుకోండి" అన్నారు. రాసుకున్నాం, ఎంసెట్ కోసం బట్టీ కొట్టాం. వీక్ అని ఎవరు కొలిచారు, ఎలా కొలిచారు అని అడగాలని మాలో ఒక్కడికీ తోచలేదు. నాకు తోచేసరికి పదేళ్ళు పట్టింది :)

ఈ బంధం ఆలోచనని 1920లో బర్క్‌లీ నుంచి లాటిమర్, రోడ్‌బుష్ రాశారు. 1939లో పౌలింగ్ పుస్తకంతో అందరికీ ఎక్కింది. కానీ క్లోరైడ్ లాంటి అయానుకీ, ఓ సేంద్రియ అణువుకీ మధ్య బలం కొలవాలంటే పెద్ద చిక్కు. నీళ్ళలో కలిపితే అయాన్ చుట్టూ నీళ్ళే మూగేస్తాయి. పెళ్ళి పందిట్లో సన్నాయి పక్కన కూర్చుని ఇద్దరి గుసగుసలు వినాలనుకోవడం లాంటిదన్నమాట.

కెనడాలోని ఆల్బర్టా యూనివర్సిటీలో పాల్ కెబార్ల్ బృందం అసలు నీళ్ళనే తీసేసింది. మన భాషలో చెప్పాలంటే యూనిట్ టెస్ట్. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో అయాన్లు పుట్టే గదిలో మామూలుగా ఉండే వాక్యూమ్ బదులు కొన్ని టార్ల ఒత్తిడి ఉంచారు. అయాన్లు వాయువుతో గుద్దుకుని గుద్దుకుని సమతాస్థితికి వచ్చాక, చిన్న రంధ్రంలోంచి బయటికి వచ్చినవాటిని లెక్కపెట్టారు. ఒంటరి క్లోరైడ్ ఎంత, అణువుని తగిలించుకున్నది ఎంత? ఆ నిష్పత్తి నుంచి సమతా స్థిరాంకం. ఉష్ణోగ్రత మార్చి మళ్ళీ మళ్ళీ కొలిచి గ్రాఫ్ గీస్తే, గీత వాలే బంధం బలం చెప్పేస్తుంది. మనం మార్కుల కోసం చదివిన వాంట్ హాఫ్ సమీకరణమే!

1970లో వాళ్ళిచ్చిన అంకెలు చూడండి. ఒక్క నీటి అణువుని ఫ్లోరైడ్ 23.3 కిలోకేలరీలతో పట్టుకుంటుంది (మోల్‌కి). క్లోరైడ్ 13.1, బ్రోమైడ్ 12.6, అయోడైడ్ 10.2. నీటికీ నీటికీ మధ్య సుమారు 5. వీక్ అట!

1971లో యమ్‌దగ్ని, కెబార్ల్ ఆల్కహాళ్ళు, ఫినాల్, అసిటిక్ ఆమ్లం క్లోరైడ్‌తో కలిపి చూశారు. ఆమ్లగుణం పెరిగేకొద్దీ బంధం బిగుస్తోంది. క్లోరోఫామ్ నీటిని మించిపోయింది. దాన్లో హైడ్రోజన్ ఉన్నది కార్బన్ మీద! కార్బన్ మీది హైడ్రోజన్‌కి ఈ బంధం లేదని చాలామంది కొట్టిపారేసిన కాలం అది. అన్నట్టు, ఆ బంధం కోసం ఏళ్ళ తరబడి వాదించిన గౌతమ్ దేశిరాజు గారు 2009 దాకా పనిచేసింది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో. మనం ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ దాటే గచ్చిబౌలిలోనే.

ఇక అంకెలన్నీ శిలాశాసనాలనుకోకండి. రెండు ఫ్లోరిన్ల మధ్య ఒక హైడ్రోజన్ ఉండే బైఫ్లోరైడ్‌ని 1964లో హారెల్, మెక్‌డానియెల్ ఘన లవణంతో కొలిస్తే 37 వచ్చింది. 1995లో వెంట్‌హోల్డ్, స్క్వైర్స్ వాయుస్థితిలో 45.8 అన్నారు, తప్పు 1.6 అటూఇటూగా. బంధం అదే, పద్ధతే మారింది.

2011లో ఐయుపాక్ కొత్త నిర్వచనం ఇచ్చింది. ఆ బృందానికి నాయకుడు బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన అరుణన్ గారు. ఇన్ని కిలోకేలరీలుంటేనే హైడ్రోజన్ బంధం అన్న గీత అందులో ఎక్కడా లేదు.