కొండమీది జెండా, నింగిలోని వేళ

విశాఖపట్టణమున ఆధునిక ఖగోళవిద్య ఒక జమీందారుగారి ఇంటి ఆవరణలో మొలకెత్తినది. గోడే వేంకట జగ్గారావుగారు చెన్నపట్టణపు వేధశాలాధిపతియగు టి. జి. టేలర్ కడ శిష్యులై, యంత్రములు నడపుటయు, లెక్కలు కట్టుటయు నేర్చి వచ్చి, 1840 ప్రాంతమున డాబా గార్డెన్స్‌లో సొంత వేధశాలను నెలకొల్పిరి.

ఆ విద్య ఊరివారికి మొట్టమొదట జెండా రూపమున అందెను. దూరదర్శినిలోని సన్నని తీగను నక్షత్రము దాటు క్షణమున గడియారపు చప్పుడును లెక్కించుకొని సరియైన వేళను తేల్చుట నాటి వేధశాలల నిత్యకృత్యము. ఇచ్చట ఆ వేళను డాల్ఫిన్ నోస్ కొండమీది ధ్వజస్తంభమున పతాక సంకేతముచే ఎల్లరకును చాటెడివారు. నడిసముద్రమున ఓడకు వేళయే రేఖాంశము: గడియారము నాలుగు సెకండ్లు తప్పినచో ఓడవారు తామున్న చోటును దాదాపు ఒక నాటికల్ మైలు తప్పుగా గుర్తింతురు. రేవుపట్టణమునకు ఇంతకన్న అక్కరకు వచ్చు ఖగోళశాస్త్రము వేరొండు గలదా?

1856లో జగ్గారావుగారు గతించిన పిమ్మట అల్లుడు అంకితం వేంకట నరసింగరావుగారు 1868 నాటి సూర్యగ్రహణమును, 1874 డిసెంబరు 9న సూర్యబింబముపై శుక్రుని సంక్రమణమును పరిశీలించి, తమ ఫలితములను లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపిరి. 1892లో ఆయనయు పోగా, భార్య అచ్చయ్యమ్మగారు 1894లో వేధశాలను ప్రభుత్వమున కప్పగించిరి.

అయితే ఆ ఫలితములన్నియు ఆంగ్లమున లండనుకు చేరినవే. ఇది నన్ను నేటికిని బాధించును. అదే సంక్రమణమును గూర్చి చెన్నపట్టణపు వేధశాలలోని చింతామణి రఘునాథాచార్యులు సామాన్యులకై దేశభాషలలో చిన్న పుస్తకమును వెలువరించిరి. తెలుగున కందుకూరి వీరేశలింగముగారు జ్యోతిశ్శాస్త్ర సంగ్రహమును రచించిరి. మన కాలమున మహీధర నళినీమోహన్‌గారు గ్రహణముల కథను పిల్లలకు సైతము తేటతెల్లము చేసిరి. సూక్ష్మమైన కొలతలకంటె ఇట్టి పుస్తకములే ప్రజలకు ఎక్కువ మేలొనర్చినవని నా దృఢవిశ్వాసము.

నరసింగరావుగారు చూచిన శుక్రసంక్రమణ దృశ్యము విశాఖకు మరల 2004లోను, 2012లోను లభించెను. 2012 జూన్ 6 ఉదయమున బంగాళాఖాతము మీద సూర్యుడు పొడచూపునప్పటికే ఆ బింబముపై కాటుకచుక్కవలె శుక్రుడు నిలిచియుండెను.