పంపు పోయి పెట్టె వచ్చింది

అన్నలారా, ఒకప్పుడు మన ప్రత్తిపాడు నుంచి గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు మోసిన డీజిల్ బండ్లకి కంప్యూటర్ లేదు. ఇంజన్‌కి డీజిల్ ఎంత పోవాలో పంపే చూసుకునేది. అది చెడితే మెకానిక్ విప్పి బాగుచేసేవాడు.

తర్వాత పొగ నిబంధనలు బిగిశాయి. దేశమంతా 2010లో బీఎస్-3, 2017 ఏప్రిల్‌లో బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాయి. పొగ తగ్గాలంటే డీజిల్‌ని కొలిచి, సరైన క్షణంలో కొట్టాలి. 1997లో ఆల్ఫా రోమియో 156 కారులో వచ్చిన కామన్ రైల్ పద్ధతి చేసేది అదే. ఆ లెక్క చూసే పెట్టే ఈసీఎం. సెన్సార్లు చెప్పింది విని, ఇంజెక్టర్ ఎప్పుడు తెరుచుకోవాలో అదే చెబుతుంది.

ఇప్పుడు ఆ పికప్‌లూ పాతబడ్డాయి. టిక్కీలతో దారిలో ఆగిపోతే "ఈసీఎం పోయింది, మార్చాలి" అనేస్తారు. తొందరపడొద్దు. ముందు బ్యాటరీ, ఎర్త్ వైరు, ఫ్యూజులు, రిలేలు చూపించండి. ఎలుక కొరికిన వైరింగు, చిలుము పట్టిన పిన్నులు ఉన్నా లక్షణాలు అవే.

నిజంగానే పోయిందా? సెకండ్‌హ్యాండ్ పెట్టె అయితే పార్టు నంబరు కలవాలి. చాలా బండ్లలో దాన్ని తాళంచెవితో జత చేయాలి, లేకపోతే ఇంజన్ స్టార్టవదు. ఆ పని చేసిపెట్టేవాళ్లు దొరికాకే డబ్బులివ్వండి. పాత పెట్టె వదిలిరావొద్దు, ఒక్కోసారి రిపేరవుతుంది.

పంపు రోజుల్లో రెంచీ చాలేది. ఇప్పుడు మీటరు కావాలి. మీటరు పెట్టి చూడకుండా పెట్టె మార్చమంటే ఒప్పుకోకండి.