పేరయ్య వెంట నడిచిన దొర

పెద్దమనుషులు వచ్చారు. కూర్చున్నారు. మర్యాదగానే మాట్లాడారు. చెప్పాల్సింది చెప్పి లేచారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం ఈ గడప తొక్కం. మా పిల్లల్నీ పంపం. అంతే. ఆలోచించుకోమని గడువు కూడా ఇవ్వలేదు.

మిషనరీ జాన్ క్లౌ లోపలి గదిలోకి వెళ్లాడు. ముప్ఫై ఏళ్ల మనిషి. 1866 సెప్టెంబర్‌లో ఒంగోలులో కాపురం పెట్టాడు. అమెరికాలో ఉండగా సర్వేయరు. గొలుసు పట్టుకుని అడవులు కొలిచినవాడు. దేన్నయినా లెక్కేసి చూడటం అలవాటు. ఇక్కడా ఒక లెక్క వేసుకునే వచ్చాడు. ముందు పై కులాలవాళ్లని గెలిస్తే మిగతా ఊరు దానంతటదే వెనక నడుస్తుంది. లెక్క బాగానే సాగుతోంది. బళ్లో పై కులాల పిల్లలు కూర్చుంటున్నారు. వాళ్ల తండ్రులు సువార్త చెబితే చెవి పెట్టి వింటున్నారు. ఇప్పుడు పడమటి పల్లెల నుంచి మాదిగలు రావడం మొదలైంది. లెక్క తప్పింది.

ఎవర్ని వదులుకోవాలి?

సముద్రాలు దాటి, భాష రాక నోరు తిరగక నెల్లూరులో తంటాలు పడి, ఎర్రటి ఎండలో ఒంగోలు చేరి, ఇల్లు చక్కబెట్టుకుని, బడి తెరిచి, ఒక్కొక్క పిల్లాణ్ణీ బతిమాలి కూర్చోబెట్టి, ఇప్పుడిప్పుడే నాలుగు గుమ్మాలు తెరుచుకుంటుంటే, తన చేత్తో తనే అవన్నీ మూసేసుకోవాలా అని ఆ గదిలో ఆ మనిషి ఎంత నలిగాడో చెప్పడానికి ఆయన తర్వాత రాసుకున్న నాలుగు మాటలే ఆధారం. ప్రార్థన చేశాడు. జవాబు రాలేదు. బల్లమీద బైబిళ్లు ఉన్నాయి. ఒకటి తీశాడు. ఏ పుట అని చూసుకోలేదు. తెరిచాడు.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం. చూపు 26వ వచనం మీద పడింది. లోకం దృష్టిలో తెలివైనవాళ్లనీ, గొప్పింటివాళ్లనీ దేవుడు పెద్దగా పిలవలేదు, నీచంగా చూడబడేవాళ్లనే ఏరుకున్నాడు అని పౌలు చెప్పిన చోటు అది. క్లౌ చదివాడు. మళ్లీ చదివాడు. పుస్తకం పట్టుకుని భార్య గదికి నడిచాడు.

హారియెట్ కూడా అదే సంకటంలో ఉంది. ఆమె చేతిలోనూ బైబిలు తెరిచి ఉంది. భర్త చదివి వినిపించాడు. ఆమె నివ్వెరపోయింది. తనూ ఇప్పుడు చదువుతున్నది అదే!

కాకతాళీయం అనేవాళ్లు అనవచ్చు. ఆ ఇద్దరూ అలా అనుకోలేదు. చేర్చుకుంటాం అని జవాబు చెప్పారు. పై కులాల పిల్లలు పలకలు సర్దుకున్నారు. బడి ఖాళీ అయింది.

ఇంతకీ ఆ మాదిగల్ని పంపుతున్నదెవరు?

యెర్రగుంట్ల పేరయ్య. ఊరు తాళ్లకొండపాడు. తోళ్ల వ్యాపారం. అక్షరం ముక్క రాదు. కానీ లోపల ఒక ఆరాటం ఉంది, కుదురుగా ఉండనివ్వదు. గురువుల వెంట తిరిగాడు. ఒక స్త్రీ గురువు దగ్గర రాజయోగం నేర్చాడు. పద్మాసనం వేసి, ఊపిరి బిగబట్టి, కనిపించని ఒకే దేవుడి కోసం లోపలికి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. దాహం తీరలేదు.

వ్యాపారం మీద ఉత్తరంగా, ఏలూరు వైపు వెళ్లాడు. అక్కడొక తెల్లదొర యేసుని గురించి చెబుతుంటే జనంలో నిలబడి విన్నాడు. నిలబడ్డవాడు కదల్లేదు. తను ఇన్నేళ్లూ వెతుకుతున్నది ఇదే అనిపించింది. తోళ్ల బేరం ఏమయిందో మనకి తెలియదు. పేరయ్య మాత్రం వెళ్లిన మనిషిగా తిరిగి రాలేదు. ఒంగోలుకీ ఒక దొర రాబోతున్నాడని అక్కడే చెవిన పడింది. ఇంటికొచ్చి ఎదురుచూడటం మొదలుపెట్టాడు.

ఆ ఒంగోలుకి దొర రావడం వెనకా ఒక చరిత్ర ఉంది. 1836లో మొదలైన బాప్టిస్టుల తెలుగు మిషన్ ఏళ్లు గడిచినా పట్టుమని పదిమందిని కూడగట్టలేక ఈసురోమని నడిచింది. మూసేద్దామని అమెరికాలో ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ అనుకున్నారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించి దిగారు. ఏళ్లు గడిచాయి. ఎవరూ రాలేదు. 1862లో జూయెట్ జబ్బుతో అమెరికా వెళ్తే అక్కడ మళ్లీ మూసివేత మాటే. మీరు మూసేస్తే నేనొక్కణ్ణే వెళ్తాను, అక్కడే చస్తాను అన్నాడాయన. అలాగైతే నిన్ను పాతిపెట్టడానికైనా ఒకణ్ణి తోడు పంపాలి కదా అన్నారు పెద్దలు. అలా తోడు వచ్చినవాడే క్లౌ.

1866 మార్చి. జూయెట్, క్లౌ ఒంగోలులో మకాం వేశారు. ఆ కబురు పేరయ్యకి అందింది. భార్యని వెంటబెట్టుకుని బయల్దేరాడు. కాళ్లకి దుమ్ము, ఒళ్లంతా చెమట. వచ్చి దొరల ముందు నిలబడ్డాడు.

జూయెట్ ప్రశ్నలు వేశాడు. పక్కన క్లౌ వింటున్నాడు. తెలుగు ఆయనకి ఇంకా పట్టుబడుతూనే ఉంది. బడి మొహం చూడని మనిషి, ఏ బోధకుడి దగ్గరా కూర్చుని పాఠం చెప్పించుకోని మనిషి, తడుముకోకుండా జవాబులిస్తున్నాడు. యేసు ఎవరు, తనకేమవుతాడు, ఎందుకు నమ్మాడు అన్నీ. జూయెట్ ఆశ్చర్యపోయాడు. ఈ మనిషికి పాఠం చెప్పింది మనుషులు కాదని ఆయనకి అర్థమైంది. ఆలుమగలిద్దరికీ బాప్తిస్మం ఇచ్చారు. వాళ్లు ఇంటిదారి పట్టారు.

క్లౌ తన లెక్క తను వేసుకుంటూనే ఉన్నాడు. పేరయ్య పల్లె పల్లెకీ తిరగడం మొదలుపెట్టాడు.

అతను తిరిగిన పల్లెల్లో బంధువులున్నారు, తోళ్లు కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు ఉన్నారు. చీకటి పడ్డాక చెప్పులు కుట్టే సామాను పక్కకి పెట్టి చుట్టూ చేరేవాళ్లు. పేరయ్య చెప్పేవాడు. జీతం లేదు. పుస్తకం లేదు. దొర పంపలేదు. ఇదంతా కూడబలుక్కుని చేసింది కాదు. ఎంతమంది నమ్మారో ఒంగోలు బంగళాకి తెలియనే తెలియదు.

1867 జనవరిలో తెలిసింది. క్లౌ తాళ్లకొండపాడు వెళ్లి చింతతోపులో డేరా వేయించాడు. చలికాలం, తోపు నిండా నీడ. జనం వచ్చారు. ముప్ఫై నలభై మంది ఉంటారు. ప్రతివాళ్ల దగ్గరా ఒక మూట. దొరకి కానుకలేమో? కాదు. మూటల్లో తిండిగింజలున్నాయి, మార్చుకునే బట్టలున్నాయి. నేర్చుకునేదాకా ఇక్కడే ఉంటామని, బాప్తిస్మానికని పొడిబట్టలు కూడా తెచ్చుకున్నామని చెప్పారు.

ఐదు రోజులు ఆ తోపు విడవలేదు. తిన్నారు, పడుకున్నారు, లేచారు, అడిగారు. క్లౌ చెప్పాడు, వాళ్లు విన్నారు; వాళ్లు చెప్పారు, క్లౌ విన్నాడు. విత్తనం తను వేయడానికి వచ్చాననుకున్నాడు. పంట కోతకొచ్చి ఉంది. జనవరి 20, ఆదివారం. ఇరవై ఎనిమిది మంది నీళ్లలోకి దిగారు.

నీళ్లలోంచి పైకొచ్చాక అసలు పరీక్ష మొదలైంది.

మూడు నియమాలు పెట్టాడు క్లౌ. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు. వినడానికి చిన్నవే. మాదిగపల్లెలో మాత్రం ఈ మూడూ మూడు యుద్ధాలు. చచ్చిన గొడ్డు మాదిగకి చేరడం ఊరి కట్టుబాటు. దాని తోలుతో రైతుకి చెప్పులు కుట్టాలి, మోట తోలడానికి తోలు సామాను చేసిపెట్టాలి. బదులుగా కళ్లంలో గింజలు దొరుకుతాయి. జాతరొస్తే డప్పు కొట్టాలి. పిలిస్తే వెట్టికి పోవాలి. ఏ వారమని అడిగే హక్కు లేదు. తరతరాలుగా నడుస్తున్న ఏర్పాటు ఇది. ఇందులో ఒక్క పోగు లాగితే మొత్తం వస్త్రం కదులుతుంది.

జాతర వచ్చింది. డప్పు మోగలేదు.

ఊరు భగ్గుమంది. మీ దేవుడు వద్దన్నాడా, అయితే మీ దేవుడే మీకు తిండి పెడతాడులే అన్నట్టు పనులు ఆపేశారు. గింజలు ఆపేశారు. నీళ్లు తోడుకోనివ్వలేదు. ఆదివారం పూటే పనికి పిలిచారు. రానన్నవాణ్ణి కొట్టారు. కరణం, మునసబు, ఊళ్లో కాస్త పలుకుబడి ఉన్నవాళ్లంతా ఒక పక్క. కడుపు మాడుతున్న పల్లె ఒక పక్క. ఒంగోలు దూరం. దొర రావడానికి రోజులు పడుతుంది. రాత్రి పిల్లాడు ఆకలికి ఏడుస్తుంటే, ఎత్తుకుని తిరుగుతున్న తల్లికి కొరింథీ పత్రిక చదివి వినిపించే మనిషి కూడా ఉండడు. యేసుని నమ్మడం అంటే ఏమిటో పల్లెకి అక్కడ తెలిసింది. తెల్లారితే ఏం తింటామో తెలీదు. అయినా డప్పు ముట్టుకోకూడదు.

కొందరు వెనక్కి తగ్గే ఉంటారు; మనుషులే కదా. ఎక్కువమంది నిలబడ్డారు. పక్క పల్లెలవాళ్లు అది చూశారు. బోధకుల ప్రసంగాలకన్నా అదే ఎక్కువ పని చేసిందనిపిస్తుంది.

పదేళ్లు గడిచాయి. ఆకాశం మొహం చాటేసింది.

1876లో మొదలైన ధాత కరువు. వానల్లేవు. చెరువులు పగుళ్లిచ్చాయి. గొడ్లు కూలాయి, వాటి వెనకే మనుషులూ కూలారు. కూలి చూపించి జనాన్ని బతికించడానికి ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పెట్టింది. క్లౌలోని పాత సర్వేయరు లేచాడు. మూడు నాలుగు మైళ్ల ముక్క కాంట్రాక్టు పట్టి రాజుపాలెం దగ్గర శిబిరం వేశాడు. బోధకుల్నే మేస్త్రీలుగా నిలబెట్టాడు. పగలంతా గడ్డపారలు, మట్టి తట్టలు, బొబ్బలెక్కిన అరచేతులు. అలిసి కూలబడినప్పుడు బోధకుడు పక్కన కూర్చునేవాడు. భారం మోసి అలిసిపోయినవాళ్లని నా దగ్గరికి రండని యేసు పిలిచిన సంగతి చెప్పేవాడు. మట్టి తట్ట దించినవాడికి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

బాప్తిస్మం ఇవ్వమని వేలమంది అడిగారు. క్లౌ వద్దన్నాడు. ఏడాది దాటినా వద్దనే అన్నాడు. గింజల కోసం వస్తున్నారేమోనని ఆయన భయం. ఆ భయం న్యాయమైందే.

1878. వానలు పడ్డాయి. సాయం ఆగిపోయింది. బోధకులతో మాట్లాడాలని ఒంగోలుకి ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి వచ్చాడు క్లౌ. బోధకుల్నే రమ్మన్నాడు. జనం విరుచుకుపడ్డారు. ఆయన నిలబడి ఉన్నమాట చెప్పేశాడు. ఇక నా దగ్గర డబ్బు లేదు, మీకివ్వడానికి ఏమీ లేదు, ఇళ్లకి వెళ్లండి అన్నాడు. జనం కదల్లేదు. మాకు సాయం అక్కర్లేదన్నారు. మా చేతుల మీది బొబ్బలు చూడు, మేం పని చేసి తినగలం అన్నారు. మళ్లీ పంట పోతే చస్తాం, చచ్చినా క్రైస్తవులుగా చస్తాం, బాప్తిస్మం ఇవ్వు అన్నారు.

క్లౌ పక్కకి వెళ్లి బోధకులతో మాట్లాడాడు. వాళ్లకి ఈ మనుషులు తెలుసు. ఏ పల్లె, ఎవరి కొడుకు, డప్పు వదిలాడా లేదా అన్నీ తెలుసు. ఇక కాదనే దారి లేదు.

జూలై 2న 614 మంది. జూలై 3 తెల్లవారింది. ఒడ్డున ఊళ్లవారీగా గుంపులు కూర్చున్నాయి. ఒకరు పేరు చదువుతారు, ఒకరు దిగుతారు. ఇద్దరు బోధకులు నీళ్లలో. వాళ్లు అలిసిపోతే మరో ఇద్దరు. మధ్యాహ్నం ఎండకి ఆపారు. మళ్లీ మొదలుపెట్టారు. పొద్దుగూకేసరికి లెక్క 2,222. మర్నాడు ఇంకో 700. మూడు రోజులకీ కలిపి 3,536.

ఆ జూలై 3న క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. నీళ్లలో వంతులవారీగా నిలబడింది ఆరుగురు తెలుగు బోధకులు. మిషన్ చరిత్రలు ఆ రోజుని క్లౌ పేరు మీదే రాస్తూ వస్తున్నాయి. తాళ్లకొండపాడు పేరయ్య ఆయనకంటే ముందే బయల్దేరాడు. రాయాల్సిన క్రమం అది.